తడిపిన బస్తా

హలో… ఆ, నేనే. మీ బావని.

గొంతు పోల్చుకోలేదా… ఎలా పోల్చుకుంటావులే. ఫోను నీ బుగ్గకీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఊపిరాడక చస్తోంది. నా గొంతు నీ చెవిదాకా ఎక్కడొస్తుంది, పాపం.

ఉండు, నువ్వేం మాట్లాడకు. ఒక్కసారి హలో అను, చాలు… ఊఁ… ఇంకోసారి… ఆ, తెలిసిపోయింది.

నీ గొంతు ఒళ్ళు చేసిందిరా పీపా.

నవ్వకు. ధాన్యం గోడౌనులో కాటా పక్కన కూర్చుని జుట్టు నెరిసినవాణ్ణి. బస్తా నేల మీద పడిన చప్పుడు విని లోపలెంతుందో చెప్పేవాణ్ణి. మనిషికైతే ఒక్క హలో చాలు. ఇన్నేళ్ళలో నా తూకం తప్పింది లేదు, నా నోట అబద్ధం దొర్లింది లేదు.

…కోతలా? కోతలంటే కోతలే. రేపు పొద్దున ఆసుపత్రి కాటా ఎక్కుతావుగా. నాది కోతో కాదో అదే చెబుతుంది.

ఎక్కడున్నానా… ఇంకెక్కడ, ఆసుపత్రి వరండాలోనే. ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు, దానికో కాలు పొట్టి. నేనటు ఒరిగితే అటు, ఇటు ఒరిగితే ఇటు. కాటా మీద కూర్చున్నట్టే ఉంది… మీ అక్కా… లోపలుంది, మిషను మీద. రక్తం ఒక గొట్టంలోంచి పోయి ఇంకో గొట్టంలోంచి వస్తోంది. ఉతికి ఆరేసినట్టు అదొకటి వారానికి మూడుసార్లు. ఇంకా సేపుంది… ఆ, పడుకుంది.

నువ్వేం చేస్తున్నావ్… బట్టీ దగ్గరా. వినబడుతోందిలే ట్రేల చప్పుడు. సాయంత్రం సరుకు తీస్తున్నావా… బన్నులా… బ్రెడ్డు కూడానా. ముక్కుకి బట్ట కట్టుకున్నావా మరి? డాక్టరు వద్దన్నవన్నీ నీ కళ్ళ ముందే పొంగి, ఎర్రబడి, నీకేసి చూస్తుంటాయి కదరా. ఇంకెవరైనా అయితే ఈపాటికి బట్టీలో తల పెట్టేవాడు.

…ముట్టలేదా. వాసన కూడా చూడలేదా. ఆహా.

ఇంటి దగ్గర కాటా ఎక్కి చూశావా… నిన్నా… ఎంత… గీత కిందకి దిగావా? నిజంగా?

మంచి మాట చెప్పావ్. అయితే అంతా సులువే. రేపు నువ్వు కాటా ఎక్కుతావు. ఇంత బరువుకి దిగితేనే ఆపరేషనని తను గీసిన గీత దిగావంటాడు డాక్టరు. నీ కిడ్నీ ఒకటి తీసి మీ అక్కకి పెడతారు. ఆమె మిషను వదులుతుంది, నేనీ కుంటి కుర్చీ వదులుతాను. అంతేగా.

…అంతే బావా, అని అంత మెల్లగా అంటావేంట్రా. బట్టీ వేడికి గొంతెండిందా?

నాది కుదిరుంటే నీ గడ్డం పట్టుకునేవాణ్ణా చెప్పు. రక్తం కుదరలేదన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో కుదరంది ఇదొక్కటే అన్నాను డాక్టరుతో. ఒక్కటేం కాదులెండి, అని మీ అక్క పక్కనుంచి అంటించింది. మిషను మీదున్నా నోరు మాత్రం నోరే.

సరే గాని, ఆ ఏం తినాలో చెప్పే అమ్మాయి ఉందే, కళ్ళద్దాల అమ్మాయి… ఆ, ఆమే. ఇందాక వరండాలో కనబడింది. అమ్మా, మా బావమరిది వారం రోజుల్లో అంత తగ్గుతాడు, కాటా ఎక్కేనాటికి మళ్ళీ ఎక్కడివాడక్కడే ఉంటాడు, ఇదేం మాయమ్మా, అనడిగా.

…ఎందుకడిగానా? పొద్దు పోక.

ఆమె కూర్చోబెట్టి చెప్పింది. కార్బోహైడ్రేట్లట. ఆ మాటకి నోరు తిరిగేలోపే సగం ఆకలి చచ్చింది నాకు. మన మాటలో చెప్పమ్మా అంటే, పిండి, తాతగారూ, అంది. అన్నం, బ్రెడ్డు, బంగాళాదుంప, చక్కెర, అన్నీ ఆ కులమేనట. తిన్నదంతా అప్పటికప్పుడు ఖర్చవదట. కొంత కండల్లో, కాలేయంలో నిలవుంటుంది. ఆ నిలవ ఊరికే ఉండదు, తనకి మూడింతలు నీళ్ళని పట్టుకుని కూర్చుంటుందట.

…నీకూ చెప్పిందా? ఎప్పుడో చెప్పిందా. మంచిదే, శ్రద్ధగా విన్నావన్నమాట.

అందుకే పిండి మానేసినవాడు మొదటి వారం దబ్బున దిగుతాడట. తగ్గాను తగ్గానని ఊరంతా చాటుకుంటాడు. పోయింది కొవ్వు కాదు, నీళ్ళు. కొవ్వు పోవాలంటే ఇంకా ఓపిక పట్టాలి. మెల్లమెల్లగా, అత్తారింటి నుంచి కదిలే అల్లుడిలా కదులుతుందట అది. ఈ పోలిక ఆమెది కాదు, నాది.

అయితే ఆ అమ్మాయి ఇంకో మాట కూడా… సరే, అది తర్వాత.

నీకు పర్వతం గుర్తున్నాడా… మా గోడౌను హమాలీ. చిన్నప్పుడు నిన్ను ఒంటి చేత్తో ఎత్తి బస్తాల మీద కూర్చోబెట్టేవాడు. ఆ, వాడే.

వాడి కథ చెప్తా విను. బన్నులు మాడవులే, నీకున్నంత ముక్కు ఎవరికుంది.

పర్వతం ఒకసారి పందెం కట్టి నా కాటా ఎక్కాడు. ముల్లు గిర్రున తిరిగింది. తిరిగి, చుట్టు పూర్తి చేసి, మళ్ళీ సున్నా దగ్గరికొచ్చి ఆగింది. కాటా లెక్కన వాడికి బరువే లేదు. మేస్త్రి ఒప్పుకోడు, బరువు లేనివాడికి కూలేంటంటాడు. వాడు ఏడుపు.

…నిజంరా. నా ఎదురుగా జరిగింది.

అప్పుడు వాడికి రోషమొచ్చి పిండి మానేశాడు. అన్నం లేదు, బ్రెడ్డు లేదు. వారం తిరిగేసరికి వాడి చొక్కా ముందు నడిచేది, వాడు వెనకాల వచ్చి అందుకునేవాడు. నెల తిరిగేసరికి గోడౌనులో ఫ్యాను వేయాలంటే భయం. వేస్తే వాడు పోయి గోడకి అతుక్కునేవాడు, ఇద్దరం కలిసి గీకి తీయాలి. బస్తా మోస్తున్నంతసేపూ నేల మీదుండేవాడు. బస్తా దించామా, కాళ్ళు లేచేవి. చివరికో రోజు గాలివాన ముందు, బస్తా దించి తలుపు దగ్గర నిలబడ్డాడు… పోయాడు. పైకే. వాళ్ళావిడ కింద నిలబడి బన్ను చూపించింది. అది చూసి నోరు తెరిచాడు, గాలి పోయింది, దిగాడు.

…నవ్వు, నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వు. రెండు చేతులూ కావాలి నీకు, ఫోను జారుతుంది జాగ్రత్త.

హమ్మయ్య. నవ్వావు. ఇందాకటినుంచి నీ గొంతు బిగుసుకుపోయుంది. ఇప్పుడు అసలు మాట చెప్తా.

రేపు నువ్వు రానక్కర్లేదు.

…అదేరా. రానక్కర్లేదు. కాటా లేదు, గీత లేదు. నీ కిడ్నీ అవసరం లేదన్నారు.

ఇంకొకరు దొరికారు.

…

పీపా.

…లైన్లో ఉన్నావా.

…ఆ ఊపిరేంట్రా, గోతాం మూతి విప్పినట్టు. నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా… రెండూనా. కానీయ్, కానీయ్. ఎంత బరువు మోస్తున్నావో ఏమో ఇన్నాళ్ళూ.

ఎవరంటే… ఇక్కడ లిఫ్టు నడిపే ఆవిడ. సన్నగా చీపురుపుల్లలా ఉంటుంది. వచ్చినప్పుడల్లా మీ అక్కని పైకీ కిందకీ తిప్పుతుంటుంది కదా, మాటా మాటా కలిసింది. స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో బన్ను పెట్టుకుని, మీట నొక్కినప్పుడల్లా ఒక ముక్క తుంచుకుని తింటుంది. పిండి తిన్నా కొందరికి ఒంటికి పట్టదు, అదృష్టం. నా దగ్గర రెండున్నాయిగా అమ్మా, అన్నదట. అన్నీ కుదిరాయన్నారు.

…ఆ, దేవతే. నువ్వన్నది నిజం. ఏం సంబంధం లేని మనిషి.

అది సరే, నీ సంగతి చూడు. ఇక నోరు కట్టుకోనక్కర్లేదు. ఎన్నాళ్ళయిందిరా బ్రెడ్డు ముట్టి? తీసుకుని తిను. నేను ఫోన్లో వింటా. నువ్వు తృప్తిగా తింటుంటే వినాలనుంది… సిగ్గెందుకు, బావనేగా.

…ఊఁ… ఆ… నములుతున్నావ్.

ఇంత తొందరగా దొరికిందే. ట్రే చప్పుడు కాలేదు, అల్మారా తలుపు చప్పుడు కాలేదు. చేతిలోనే ఉందా ఏం?

…

చేతిలోనే ఉంది.

ఎన్నోది? …సరదాగా అడిగానురా, నీళ్ళు నములుతావేం. నమలడానికి బన్నుందిగా.

…ఓహో. పొద్దున్నుంచీనా.

చెప్పు, చెప్పు. ఇక దాచుకునేదేముంది, అయిపోయిందిగా. బావా బావమరుదులం, ఇలాంటివి మనం మాట్లాడుకోక ఎవరు మాట్లాడుకుంటారు… పోయినసారి కాటాకి ముందు కూడానా… దానికి ముందు కూడా. ముందు రోజు మాత్రమేనా… ఆ. మిగతా రోజుల్లో మానేస్తావు, ముందు రోజు తింటావు. బంగాళాదుంపలు కూడానా? ఉడకేసుకుని. ఊఁ. పైనుంచి ఉప్పునీళ్ళా… చెంబుడు.

భలేవాడివిరా. పాపం, ఎంత కష్టపడ్డావు.

ఇదంతా నీకెవరు నేర్పారు… ఆ అమ్మాయే? కాటాకి ముందు రోజు పిండి ముట్టకండి, పోయిన నీళ్ళన్నీ ఒక్క రాత్రిలో తిరిగొచ్చి కూర్చుంటాయి, అన్నదా. అదేరా, ఇందాక నేను తర్వాత చెప్తానన్న మాట అదే. ఆమె జాగ్రత్త చెప్తే నువ్వు మందుచీటీలా వాడుకున్నావన్నమాట.

ఎందుకురా మరి?

…ఊఁ.

…ఊఁ… కత్తి. …నిద్ర పట్టదా… ఉన్న రెండిట్లో ఒకటి తీసేస్తే, మిగిలినదానికేమన్నా అయితే… అవును. అదీ నిజమే. భయమే మరి. మనిషన్నాక భయపడతాడు, కాటాకి భయం లేదు గాని.

…నోరు తెరిచి చెప్పలేకపోయావు. సరే. లావుగా ఉండటం తప్పు కాదు, భయపడితే తప్పంటారని… సరే, అర్థమైంది.

మీ ఆవిడకి తెలుసా… తెలీదు. మీ అక్కకి… తెలిసే దారే లేదంటావ్. అంతేలే. పిల్లి కళ్ళు మూసుకునే పాలు తాగుతుంది… పిల్లినంటున్నా, నిన్ను కాదు.

తిను, ఆపావేం. ఇంకో కథ చెప్తా, చిన్నది. ఇందులో ఎవరూ ఎగరరు.

మా గోడౌనుకి ఒక వ్యాపారి వచ్చేవాడు. మర్యాదస్తుడు. మాట్లాడితే వెన్నపూస. వాడి బస్తాలు వాడింటి దగ్గర ఒక బరువుండేవి, నా కాటా మీద ఒక బరువు తూగేవి. చాన్నాళ్ళు నాకు పట్టుబడలేదు. ఏం చేసేవాడంటావ్?

…

ఏం చేసేవాడు, చెప్పు. నీకు తెలియనిదా.

తూకానికి ముందు రోజు సాయంత్రం బస్తాలు తడిపేవాడు. పైపైన చల్లి, గోనె కప్పి, ఊరుకునేవాడు. తెల్లారేసరికి గింజ నీళ్ళు తాగి, బలిసి కూర్చునేది. పైన తడి ఆరిపోయేది. చేత్తో తడిమినా తెలీదు.

ఎలా పట్టుకున్నానా… ఇనప గొట్టం ఉంటుంది, మొన పదునుగా. బస్తాలో గుచ్చి లాగితే నట్టనడుమ గింజలు బయటికొస్తాయి. గుచ్చే ముందు మాత్రం బస్తాని కాస్త మంచి చేసుకోవాలి. తట్టాలి, నిమరాలి, మూతి వదులు చేయాలి. బిగుసుకున్న బస్తాలో గొట్టం దిగదు.

…

అదేంట్రా, నమలడం ఆగింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు… నిన్ను కాదంటున్నాగా. ఆ వ్యాపారి సంగతి.

వాణ్ణి తిట్టలేదు, కొట్టలేదు. అందరి ముందూ కూర్చోబెట్టి, వాడి బస్తాల్లో గింజలు వాడి చేతిలోనే పోసి, కొరికి చూడమన్నాను. కొరికాడు. మెత్తగా దిగింది. తలెత్తలేదు. తడిపిన బస్తా ఆ ఒక్క తూకానికే గెలుస్తుందిరా. తర్వాత లోపల్లోపల మొలకెత్తి, కుళ్ళి, పక్క బస్తాని కూడా చెడగొడుతుంది.

ఆ పక్క బస్తా సంగతి చెప్పాలి నీకు.

మీ అక్క బ్రెడ్డు మానేసింది.

…తెలీదా? నీకెలా తెలుస్తుంది, నువ్వు తినడంలో ఉన్నావు. నువ్వు మానేశావని విన్ననాడే మానేసింది. బ్రెడ్డూ, అన్నమూ, అన్నీ. నా తమ్ముడు నా కోసం బట్టీ ముందు నిలబడి కడుపు కట్టుకుంటుంటే నాకు ముద్ద ఎలా దిగుతుంది, అన్నది.

మిషను మీదున్నవాళ్ళకి ఇప్పటికే సగం తిండి లేదు. ఉప్పు కొంచెం. నీళ్ళు కొంచెం. ఆ పండు వద్దు, ఈ కూర వద్దు. ఇన్ని వద్దుల మధ్య వద్దననివి ఆ బ్రెడ్డూ అన్నమే. వాటి బలం మీదే మనిషి నిలబడాలి, మీకు పిండి కావాలమ్మా, అని ఆ కళ్ళద్దాల అమ్మాయి మొత్తుకుంది. గోడకి చెప్పినా వినేది. తినాల్సినామె మానేసింది, మానాల్సినవాడు తిన్నాడు. అక్కడ నువ్వు ఉప్పునీళ్ళు తాగుతున్నావు, ఇక్కడ ఆమె దాహమేస్తే మంచుముక్క చప్పరిస్తోంది.

ఏడవకురా, బన్ను తడుస్తుంది. తడిస్తే బరువు పెరుగుతుంది.

…ఆ, కసాయివాణ్ణే. అను. ఇంకా అను.

ఎలాగూ ఇంకొకరు దొరికారుగా అంటావా… ఊఁ. అంటావు.

అసలు నీకు తెలుసో లేదో, భయంగా ఉందని డాక్టరు చెవిలో ఒక్కమాట వేస్తే సరిపోయేది. అది ఆయనకి మామూలేనట. కుదరలేదండీ, అని మాకు చెప్పి ఊరుకునేవాడు. ఎందుకు కుదరలేదో కట్టుకున్న పెళ్ళాం అడిగినా చెప్పడు. నీ మర్యాద నీకుండేది. నా భార్య భోజనం నా భార్యకుండేది. ఒక్కమాట పెగల్లేదు గాని, అన్ని బన్నులు ఎలా పట్టాయిరా ఆ గొంతులో?

…

తేలు కుట్టిన దొంగలా అలా ఊరుకోకు. ఫోను బిల్లు నీది కాదుగా.

…ఏంటి? …మెల్లగా చెప్పు… వస్తావా.

రేపే వస్తావా. ఈ పూట నుంచే ఏమీ ముట్టవా. పచ్చినీళ్ళు కూడానా. లిఫ్టు ఆవిడకెందుకు శ్రమ, నేనే ఇస్తాను బావా, అంటావు. ఆవిడకి దణ్ణం పెట్టి పంపించేయమంటావు.

…నిజంగానే అంటున్నావే. గొంతులో తడి లేదు ఇప్పుడు.

ఈ మాట ఎంత బరువుందో తెలుసా… నేను చెప్పలేను. ఎందుకంటే, గొంతు విని బరువు చెప్తానన్నానే, అదంతా ఒట్టి కోత. బస్తా చప్పుడు విని చెప్తాననడం కూడా కోతే. బస్తా మీద రాసుండేది, ఓరకంట చూసేవాణ్ణి. నిన్ను పట్టుకున్నది నేను కానే కాదు. ఎదురుగా పెళ్ళాం సగమైపోతుంటే చూడలేనివాణ్ణి, ఊళ్ళవతలున్న నీ బరువు నాకేం తెలుస్తుంది? ఆమె చేతి గడియారం మోచేతిదాకా జారుతుంటే, పట్టీ సాగిందేమో అనుకుని ఇంకో చిల్లు పొడిచిచ్చాను. తర్వాత ఇంకోటి. ఎంత బాగా పొడిచానో అని నేనే మెచ్చుకున్నాను కూడా. ఇందాక నర్సు ఆమెని కాటా ఎక్కిస్తే అప్పుడు చూశాను ముల్లు. తూకం మనిషినంట.

…మరెవరు పట్టుకున్నారంటావా?

మీ అక్కే.

…అవును. ఆమెకి తెలుసు.

కేకలేయకు. చెప్తా. కాటా ఎక్కే రోజున నీ వేలికి ఉంగరం ఉండదట. పిండి పిసికేటప్పుడు తప్ప తీయని ఉంగరం. మిగతా రోజుల్లో పలకరించడానికొస్తే ఉంటుంది, కాటా రోజున ఉండదు. వేళ్ళు ఉబ్బి పట్టదు. మొదటిసారే చూసింది. రెండోసారి చూసింది. అయినా తను మానేసినది మొదలుపెట్టలేదు. నేను తినడం లేదని తెలిస్తే వాడే ఆపుతాడు, వాడి మనసు నాకు తెలుసు, అన్నదట నర్సమ్మతో. నీకెవరైనా చెప్తారని ఎదురు చూసింది. నీకై నువ్వు అడుగుతావని కూడా చూసింది. అక్కా, చిక్కిపోయావేంటే, అని. అడిగావా?

…

అడగలేదు. అవతలివాళ్ళ ముల్లు చూసే తీరిక మనకెక్కడిది. నాకే లేదు.

ఇందాక నాతో అన్నది. వాణ్ణేమీ అనకండి, వాడికి కత్తంటే చిన్నప్పటినుంచీ భయం, బన్ను కూడా నేనే కోసిచ్చేదాన్ని, అని. మీ నాన్న బట్టీలోంచి తీసిన మొదటి బన్ను రెండు ముక్కలు చేసి, పెద్దది నీకిచ్చి, రెండూ సమానమేరా, అని ఒట్టు పెట్టేదట. మన ఇంట్లో దొంగ తూకాలు ఈనాటివి కావు.

నేను నిన్నేమైనా అన్నానా చెప్పు? ఏమీ అనలేదు. కథలు చెప్పాను.

…వద్దు. బండెక్కకు. బట్టీ ఆర్పకు. రావద్దంటున్నా.

ఎందుకంటే రానక్కర్లేదన్నది నిజం గనక. నిన్న డాక్టరు దగ్గర కూర్చుని మీ అక్కే నీ పేరు కొట్టేయించింది. వాడిది నాకొద్దండీ, భయపడుతూ ఇచ్చింది నా ఒంట్లో కుదురుకోదు, అంది. డాక్టరు ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. ఆలోచించాకే వచ్చాను, అంది. నేను పక్కనే ఉన్నా. నోరు తెరిచాను, నా కాలు తొక్కింది. ఆ కాలు ఎంత తేలిగ్గా ఉందంటే, తొక్కిందని తెలియడానికే నాకు కాసేపు పట్టింది.

…ఉంది. ఫోన్లో ఇవ్వను. పడుకుంది. లేచాక ఆకలేస్తుంది, ఇవాళ తింటానంది. బన్ను తెచ్చి పెట్టమంది. ఇదిగో, కాగితం సంచీలో, నా ఒళ్ళోనే ఉంది. మీ బట్టీది కాదు, ఆసుపత్రి ఎదురు కొట్టుది. నీ దగ్గర్నుంచి తెప్పించనా అంటే, వద్దు, వాడికి తక్కువవుతాయి, అంది.

…నవ్వుతూనే అందిరా. అదే బాధ.

సరే, నర్సమ్మ తలుపు తీస్తోంది. మిషను ఆపుతారు కాబోలు… వస్తున్నానమ్మా, ఒక్క నిమిషం, మా బావమరిది… ఆ, బాగానే ఉన్నాడు, భోంచేస్తున్నాడు.

పెట్టేస్తున్నా. నీ బట్టీలో ఏదో మాడుతోంది చూసుకో, వాసన ఇక్కడికొస్తోంది.

…ఏంటి… ఆ, లిఫ్టు ఆవిడా… ఆవిడ కాళ్ళు మొక్కానని చెప్పమంటావా.

పీపా. నేను కథల్లో కొంచెం కలుపుతానని నీకు తెలుసు. ఇవాళ చెప్పినవన్నీ సరిగానే తూచాను. మీ అక్క మానేయడం నిజం. పేరు కొట్టేయించడం నిజం. పర్వతం ఎగిరిపోవడం కూడా నిజమే, దానికి నేనే సాక్షి. కల్పించింది ఒక్కటే.

ఈ ఆసుపత్రిలో లిఫ్టు నడిపేవాళ్ళెవరూ లేరురా. మీట నొక్కితే అదే పోతుంది.